అంత్యపోటీ ఏ ఊరిలో జరుగవలెను?

ఆట ఆడుటకు రెండు జట్లు చాలును. ఆట పండుగగా మారవలెనన్నచో మూడవ పక్షము కూడ కావలెను. ఆ మూడవ పక్షము చూడవచ్చిన జనము. 82 వేల మంది పట్టు మైదానములో 15 వేల మంది కూర్చున్నచో, ఆ సంఖ్య చిన్నది కాకపోయినను చిన్నదిగనే కనిపించును. కేకలు ఖాళీ మెట్లకు తగిలి తిరిగి వచ్చును. ఆటగాండ్రకు తమ శ్రమ ఎవరికిని పట్టనట్లు తోచును. ఆ 15 వేల మందినే 18 వేలు పట్టు మైదానమునకు రప్పించినచో లోపలివారు ఒకరినొకరు ఒరసికొని నిలిచి, తమకు చోటు దొరకినందుకు సంతసింతురు. జనము అదే, ఆట అదే. మారినది స్థలము మాత్రమే.

ఈ విషయము ఐర్లండు దేశములో ప్రతి వసంతమునను చర్చకు వచ్చుచుండును. అచటి గేలిక్ క్రీడల లీగు పోటీలు మార్చి నెలాఖరునకో, ఏప్రిల్ మొదటనో ముగియును. అంత్యపోటీని ఏ ఊరిలో జరుపవలెను, దానికి జనమును ఎట్లు రప్పించవలెను అను రెండు ప్రశ్నలు అప్పుడు తలయెత్తును. ఈ రెండును విడదీయరానివని మా అభిప్రాయము. ఎట్లో కొంచెము వివరింతుము.

ముందుగా ఆ ఆటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరము. 1884 నవంబరు 1వ తేదీన టిప్పరేరీ కౌంటీలోని థర్లెస్ పట్టణమున, హేస్ హోటలులో కొద్దిమంది సమావేశమై గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించిరి. మైకేల్ క్యూసాక్ అను ఉపాధ్యాయుడు, మారిస్ డేవిన్ అను క్రీడాకారుడు అందుకు పూనుకొన్నవారిలో ముఖ్యులు. పరాయి ఆటల నడుమ దేశీయమైన ఆటలు మరుగున పడకుండ కాపాడుట వారి ఆశయము. ఆ ఆటలలో ప్రధానమైనవి రెండు. హర్లింగ్ అనునది చివర వెడల్పుగా నుండు కర్రతో చిన్న తోలు బంతిని కొట్టు ఆట. గేలిక్ ఫుట్‌బాల్ అనునది కాలితోను చేతితోను కూడ బంతిని నడుపు ఆట. రెంటిలోను జట్టునకు 15 మంది. బంతి అడ్డకమ్మి క్రిందుగా వలలో పడినచో గోలు, దానికి 3 పాయింట్లు. కమ్మి మీదుగా రెండు స్తంభముల నడుమ పోయినచో 1 పాయింటు. 2025 నుండి ఫుట్‌బాల్‌లో 40 మీటర్ల చాపరేఖ వెలుపలి నుండి కాలితో కొట్టి కమ్మి మీదుగా పంపినచో 2 పాయింట్లు లభించుచున్నవి.

ఈ ఆటలకొక విశేషము కలదు. ఆటగాండ్రకు జీతము లేదు. ఆదివారము నాడు వేలమంది ఎదుట ఆడినవాడు సోమవారము నాడు బడిలో పాఠము చెప్పుచుండును, లేదా పొలములో పని చేసికొనుచుండును. ఐర్లండు ద్వీపములోని 32 కౌంటీలలో ఏ కౌంటీవాడు ఆ కౌంటీ పక్షముననే ఆడుట ఆచారము. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. కావున ఆడువాడు చూచువారికి పొరుగింటి పిల్లవాడో, మేనల్లుడో, తమ ఊరి బడిపంతులో అయియుండును. ప్రవేశ రుసుముగా వసూలైన సొమ్ము సంఘము ద్వారా కౌంటీలకును, ఊరి క్లబ్బులకును, మైదానముల బాగుకును, బాలబాలికల శిక్షణకును పోవును. అందుచేత గేటు వద్ద వసూళ్లు తగ్గినచో నష్టపడువాడు ఏ ధనికుడో కాదు. ఎక్కడో ఒక పల్లెలో పిల్లల ఆటకు ఒక బంతి తగ్గును, ఒక వల చినిగియే యుండును.

సంవత్సరములో ఆ కౌంటీలు రెండు పెద్ద పోటీలలో పాల్గొనును. మొదటిది చలికాలము చివర మొదలై వసంతములో ముగియు లీగు. ఇది 1925లో ఆరంభమైనది. రెండవది తరువాత వచ్చు ఆలిండియా... అనినట్లే అచట ఆల్ ఐర్లండ్ అని పిలువబడు ఛాంపియన్‌షిప్. గౌరవమంతయు రెండవదానిదే. దానిని గెలిచినవారి పేర్లు తరతరములు నిలుచును. లీగు గెలిచినవారిని ఆ ఏడు మెచ్చుకొందురు; మరుసటి ఏడు మరచెదరు. ఈ తారతమ్యమును గుర్తించనిదే మన ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఇక స్థలముల సంగతి. గేలిక్ క్రీడలకు రాజధాని డబ్లిన్ నగరములోని క్రోక్ పార్క్. సంఘము ఆ స్థలమును 1913లో కొని, సంఘ పోషకుడైన ఆర్చిబిషప్ క్రోక్ గారి పేరు పెట్టెను. 1920 నవంబరు 21న డబ్లిన్, టిప్పరేరీ జట్లు ఆడుచుండగా బ్రిటిషు బలగములు లోనికి చొచ్చి కాల్పులు జరిపెను. 14 మంది మరణించిరి. వారిలో మైకేల్ హోగన్ అను టిప్పరేరీ ఆటగాడును ఉండెను. నేడు అచటి ఒక పెద్ద ప్రేక్షక మంటపమునకు అతని పేరే. అందుచేత ఐరిష్ ప్రజలకు ఆ మైదానము ఆటస్థలముతోబాటు ఒక స్మారకము కూడ. అందులో ఒక్కసారియైనను అడుగుపెట్టి ఆడవలెనని కోరుకొనని పిల్లవాడు ఆ దేశమున అరుదు.

1961లో డౌన్, ఆఫలీ కౌంటీల మధ్య జరిగిన ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ అంత్యపోటీని అచట 90,556 మంది చూచిరి. ఆ సంఖ్యను ఇంతవరకు ఏ పోటీయును దాటలేదు. తరువాత మంటపములు కూల్చి కట్టి, కూర్చుండు చోట్లు పెంచి, ఇప్పుడు 82,300 మందికి సరిపోవునట్లు చేసిరి. ఛాంపియన్‌షిప్ అంత్యపోటీ నాడు ఆ చోటు చాలదు. లీగు అంత్యపోటీ నాడు పెద్ద భాగము మిగిలిపోవును. ఒకే మైదానము జూలైలో ఇరుకుగను, ఏప్రిల్‌లో విశాలముగను తోచుటయే ఈ చర్చకు మూలము.

దూరములను చూడుడు. ఫుట్‌బాల్‌లో పేరుగన్న కెర్రీ కౌంటీ దేశమునకు నైరృతి మూలన ఉన్నది. దాని ముఖ్యపట్టణమైన ట్రలీ నుండి డబ్లిన్‌కు సుమారు 300 కిలోమీటర్లు. మేయో కౌంటీ పడమట తీరమున ఉన్నది. అచటి కాసిల్‌బార్ నుండి డబ్లిన్‌కు 240 కిలోమీటర్ల వరకు ఉండును. ఈ రెండు జట్లు 2022లోను, మరల 2025లోను లీగు అంత్యపోటీలో తలపడినవి. రెండుసార్లును ఆట డబ్లిన్‌లోనే జరిగినది. పడమటి తీరమున ఉన్న రెండు కౌంటీల జనము దేశమును అడ్డముగా దాటి తూర్పు తీరమునకు పోయి, ఆట చూచి, రాత్రికి మరల పడమటికి తిరిగి రావలసివచ్చినది. పెట్రోలు, భోజనము, టిక్కెట్లు అన్నియు కలిపిన, నలుగురున్న కుటుంబమునకు అది చిన్న ఖర్చు కాదు. పైగా కొద్ది వారములలో ఛాంపియన్‌షిప్ మొదలగును. ఉన్న డబ్బు దానికే దాచుకొందమని గృహస్థు అనుకొనుటలో తప్పు లేదు.

దీనికి వేరొక మార్గమును సంఘము ప్రయత్నింపకపోలేదు. 2006లో కెర్రీ, గాల్వే జట్లు అంత్యపోటీకి వచ్చినప్పుడు ఆటను లిమెరిక్ నగరములోని గేలిక్ గ్రౌండ్స్‌లో జరిపిరి. లిమెరిక్ నుండి ట్రలీకి ఎంతయో గాల్వేకును రమారమి అంతే, చెరి 100 కిలోమీటర్లు. న్యాయమైన నడిమి చోటు. అయితే ఆ మైదానములో 40 వేలకు మించి పట్టుదురు. లీగు ఆటకు అదియును పెద్దదే. 2008లో కెర్రీ, డెర్రీ జట్ల అంత్యపోటీని డబ్లిన్ నగరములోనే యున్న చిన్నదైన పార్నెల్ పార్కునకు మార్చిరి. అచట జనము కొలదిగా నున్నను మైదానము బోసిపోదు. కాని దేశపు వాయవ్యమున నున్న డెర్రీవారికిని, నైరృతిన నున్న కెర్రీవారికిని దూరము తగ్గలేదు. క్రోక్ పార్క్‌లో ఆడిన గౌరవమును దక్కలేదు. మరుసటి సంవత్సరము అవే రెండు జట్లు అంత్యపోటీకి వచ్చినప్పుడు ఆటను మరల క్రోక్ పార్క్‌కు తెచ్చిరి.

ఈ మూడు ఉదాహరణముల వలన ఒక సంగతి తేలుచున్నది. స్థలనిర్ణయములో మూడు కొలతలు కలవు. జనమునకు దూరము ఎంత? మైదానము ఎంత పెద్దది? దానికి గౌరవము ఎంత? లిమెరిక్ మొదటి కొలతలో నెగ్గెను, పార్నెల్ పార్క్ రెండవదానిలో నెగ్గెను, క్రోక్ పార్క్ మూడవదానిలో నెగ్గుచున్నది. మూడింటను నెగ్గు చోటు ఫుట్‌బాల్‌కు దొరకుట కష్టము.

హర్లింగ్‌కు మాత్రము అట్టి చోటు ఒకటి కలదు. అది థర్లెస్ పట్టణములోని సెంపుల్ స్టేడియము. హర్లింగ్ బాగుగ ఆడు కౌంటీలు చాలవరకు దక్షిణ భాగమున ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నవి. థర్లెస్ వాని నడుమ నుండును. డబ్లిన్ నుండి కార్క్ పోవు రైలుమార్గము మీద నుండుటచే రైలు దిగినవాడు నడచియే మైదానమునకు పోవచ్చును. సంఘము పుట్టిన ఊరు అదే. ఆర్చిబిషప్ క్రోక్ సమాధియు ఆ ఊరి దేవాలయములోనే ఉన్నది. 1984లో సంఘమునకు నూరేండ్లు నిండినప్పుడు హర్లింగ్ ఛాంపియన్‌షిప్ అంత్యపోటీనే డబ్లిన్ నుండి ఇచటికి తెచ్చిరి. కార్క్, ఆఫలీ జట్ల ఆ ఆటకు 60 వేలకు చేరువగా జనము వచ్చిరి. లీగు అంత్యపోటీలకును ఇది అలవాటైన చోటు. 2022లో వాటర్‌ఫర్డ్, కార్క్ జట్లును, 2024లో క్లేర్, కిల్కెన్నీ జట్లును ఇచటనే తలపడినవి.

ఇక పోటీపడు జట్లలో ఒకదాని సొంత మైదానమునకే ఆటను తీసికొనిపోవుట మరియొక పద్ధతి. 2018లో కిల్కెన్నీ, టిప్పరేరీ జట్ల హర్లింగ్ లీగు అంత్యపోటీ కిల్కెన్నీ వారి నోలన్ పార్క్‌లో జరిగెను. 2025లో కార్క్, టిప్పరేరీ జట్ల పోటీ కార్క్ వారి పార్క్ ఈ కీవ్ అను మైదానమున జరిగెను. రెండుసార్లును ఇంటివారే గెలిచిరి. 2025 నాటి గెలుపుతో కార్క్ 1998 తరువాత మొదటిసారి లీగు కప్పును అందుకొనెను. సొంత ఊరిలో ఆట యున్నచో ముసలివారు, పసిపిల్లలు, దూర ప్రయాణము చేయలేనివారు కూడ వత్తురు. పట్టణమంతయు జట్టు రంగులతో నిండును. కాని అతిథి జట్టునకు అన్యాయమన్న మాట రాకపోదు. దీనికి గేలిక్ క్రీడలలో ఒక పాత పరిహారము కలదు. ఈసారి మీ ఊరు, మరుసటిసారి మా ఊరు అను వంతు. కెర్రీ, కార్క్ జట్ల మధ్య మన్‌స్టర్ ప్రాంతపు ఫుట్‌బాల్ అంత్యపోటీలు కిలార్నీలో ఒకసారి, కార్క్‌లో ఒకసారి జరుగుట దీర్ఘకాలముగా వచ్చుచున్న వాడుక. వంతు ఉన్నచోట అన్యాయము ఒకరినే అంటిపెట్టుకొని యుండదు. ఏడాది తిరిగినచో బాకీ తీరును.

స్థలము విషయములో జనమునకు ఎంత పట్టుదల ఉండునో 2018లో వెల్లడియైనది. అది లీగు కాదు, ఛాంపియన్‌షిప్‌లోని ఒక ఆట. కిల్డేర్ జట్టు మేయోతో తమ సొంత ఊరైన న్యూబ్రిడ్జ్‌లో ఆడవలసియుండెను. ఆ మైదానము చిన్నది. వచ్చు జనమునకు చాలదని అధికారులు ఆటను క్రోక్ పార్క్‌కు మార్చిరి. కిల్డేర్ వారు ఒప్పుకొనలేదు. ఆడినచో న్యూబ్రిడ్జ్‌లోనే, లేనిచో ఆడమని నిలిచిరి. దేశమంతటను వారి పక్షమున మాట్లాడువారు బయలుదేరిరి. తుదకు అధికారులే దిగివచ్చిరి. జూన్ 30న ఆ చిన్న మైదానము క్రిక్కిరిసియుండగా కిల్డేర్ గెలిచినది. పెద్ద మైదానములో ఎక్కువ మంది చూచియుందురు, ఎక్కువ సొమ్ము వచ్చియుండును, నిజమే. కాని ఆ సాయంకాలమును ఆ ఊరివారు మరచిపోలేరు. లెక్కల పుస్తకములో ఎక్కని లాభము కూడ ఒకటి కలదని అధికారులు ఆనాడు గ్రహించియుందురు.

అయితే చిన్న మైదానమే ఎల్లప్పుడును మేలని మేము చెప్పబోవుట లేదు. లీట్రిమ్ అను కౌంటీ ఉన్నది. 2022 జనాభా లెక్కల ప్రకారము అచటివారు 35,199 మంది. 32 కౌంటీలలో అంతకంటె తక్కువ జనముగల కౌంటీ లేదు. పసికందు మొదలు పండు ముదుసలి వరకు అందరును ఇండ్లకు తాళములు వేసి వచ్చినను క్రోక్ పార్క్‌లో సగము నిండదు. 2019లో ఈ లీట్రిమ్ జట్టు ఫుట్‌బాల్ లీగు నాలుగవ శ్రేణి అంత్యపోటీకి చేరి, డెర్రీతో క్రోక్ పార్క్‌లో ఆడెను. ఆటలో ఓడిపోయినది. కాని ఆనాడు ఆ పచ్చిక మీద నడచిన యువకులకు, వారిని చూడవచ్చిన తల్లిదండ్రులకు ఖాళీ కుర్చీలు కనిపించియుండునా? అట్టి కౌంటీకి ఛాంపియన్‌షిప్ అంత్యపోటీ అందని పండు. లీగు ద్వారా తప్ప ఆ మైదానమునకు పోవు దారి వారికి బహు తక్కువ. వారి ఆటను ఏ నడిమి ఊరికో మార్చి, మీకు జనము లేరు గనుక మీకు ఆ గౌరవము లేదనుట కఠినము కాదా?

కావున పై శ్రేణి జట్లకు ఒక న్యాయము, క్రింది శ్రేణి జట్లకు వేరొక న్యాయము ఉండవచ్చునని మాకు తోచుచున్నది. కెర్రీ వంటి జట్టునకు క్రోక్ పార్క్ పుట్టినిల్లు వంటిది. దానికి లిమెరిక్‌లో ఆడుట వలన గౌరవము తరగదు. లీట్రిమ్ వంటి జట్టునకు క్రోక్ పార్క్‌లో ఆడుటయే సగము బహుమానము.

ఇక జనమును రప్పించు ఉపాయములను చూతము. ప్రకటనలు, సంగీతము, టిక్కెట్టు ధరలు అని చెప్పుటకు ముందు అన్నింటికంటె లోతైన కారణమును ఒప్పుకొనవలెను. ఆటలో తేలవలసినది ఏదియో ఉన్నప్పుడే జనము వత్తురు. 2008 నుండి ఫుట్‌బాల్ లీగు నాలుగు శ్రేణులుగా నడచుచున్నది. ఒక్కొక్క శ్రేణిలో మొదటి రెండు స్థానములు పొందినవారు అంత్యపోటీ ఆడుదురు. కాని రెండు, మూడు, నాలుగు శ్రేణులలో ఆ ఇరువురికిని పై శ్రేణికి పోవు హక్కు అంతకుముందే లభించియుండును. అంత్యపోటీలో ఓడినను ఆ హక్కు పోదు. అనగా పరీక్షలో ఉత్తీర్ణులైన తరువాత మరల పరీక్ష వ్రాయుట వంటిది. ప్రేక్షకుడు అమాయకుడు కాడు. ఈ సంగతి అతనికి తెలియును.

దీనికి తోడు కాలము ఇరుకైనది. పూర్వము ఛాంపియన్‌షిప్ అంత్యపోటీలు సెప్టెంబరులో జరుగుచుండెను. 2022 నుండి వానిని జూలైకి జరిపి, మిగిలిన సంవత్సరమును ఊరి క్లబ్బుల ఆటలకు విడిచిరి. క్లబ్బులకు ఇది మేలు. కాని లీగు అంత్యపోటీకిని ఛాంపియన్‌షిప్ మొదటి ఆటకును నడుమ వ్యవధి తరిగిపోయినది. 2023 ఏప్రిల్ 2న మేయో జట్టు గాల్వేను ఓడించి లీగు గెలిచెను. సరిగా వారమునకు, ఏప్రిల్ 9న, ఛాంపియన్‌షిప్‌లో రాస్కామన్ చేతిలో ఓడెను. 2024లో డెర్రీ జట్టు డబ్లిన్‌ను ఓడించి లీగు గెలిచెను. మూడు వారములలో డొనెగాల్ చేతిలో ఓడెను. ఇట్టి అనుభవములను చూచిన శిక్షకుడు లీగు అంత్యపోటీలో మేటి ఆటగాండ్రను దాచుకొనజూచుట సహజము. మేటి ఆటగాడు లేని ఆటకు 300 కిలోమీటర్లు పోవుట ఎందుకని ప్రేక్షకుడు ఆలోచించుటయు సహజము. కనుక జనమును పెంచు మొదటి ఉపాయము పంచాంగములో ఉన్నది. అంత్యపోటీ తరువాత రెండు మూడు వారముల విరామము ఇచ్చినచో జట్లు మనసు పెట్టి ఆడును. జనము మనసు పెట్టి వత్తురు.

రెండవ ఉపాయము ఆటలను జంటగా కూర్చుట. మొదటి, రెండవ శ్రేణుల ఫుట్‌బాల్ అంత్యపోటీలను ఒకే దినమున, మూడవ, నాలుగవ శ్రేణులవి మరియొక దినమున క్రోక్ పార్క్‌లో జరుపుట వాడుకగా వచ్చినది. ఒక టిక్కెట్టుకు రెండు ఆటలు, నాలుగు కౌంటీల జనము. చిన్న కౌంటీల ఆటకు ఇది మంచి ఆసరా.

మూడవది కొత్తదనము. 2007 ఫిబ్రవరి 3న క్రోక్ పార్క్‌లో మొదటిసారి విద్యుద్దీపముల వెలుగున లీగు ఆట జరిగెను. డబ్లిన్, టైరోన్ జట్లు ఆడిన ఆ ఆట అంత్యపోటీ కాదు, లీగు ఆరంభపు ఆట. అయినను చలికాలపు ఆ శనివారము రాత్రి 81,678 మంది వచ్చిరి. 2011లో డబ్లిన్ వారు తమ లీగు ఆటలను చిన్నదైన పార్నెల్ పార్క్ నుండి క్రోక్ పార్క్‌కు మార్చి, శనివారము రాత్రులు రెండేసి ఆటలను సంగీతముతో కూడ ఏర్పాటు చేసిరి. నగరములోని కుటుంబములు పిల్లలతో తరలివచ్చినవి. నగరవాసికి దూరము లేదు. కావలసినది సాయంకాలము పోవుటకు ఒక కారణము. అదే పద్ధతి కెర్రీ రైతునకు పనికిరాదు. ఆట ముగిసి ఇల్లు చేరునప్పటికి అతనికి తెల్లవారవచ్చును.

నాలుగవది పిల్లలు. స్త్రీల గేలిక్ ఫుట్‌బాల్ ఇందుకు మంచి తార్కాణము. 1974లో మాత్రమే సంఘముగా ఏర్పడిన ఆ ఆటకు 2017 ఛాంపియన్‌షిప్ అంత్యపోటీ నాడు 46,286 మంది, 2018లో 50,141 మంది, 2019లో 56,114 మంది వచ్చిరి. బాలికలు, వారి తల్లులు, ఊరి క్లబ్బులవారు బస్సులలో గుంపులుగా వచ్చుట ఆ పోటీలో కనిపించు దృశ్యము. పిల్ల వచ్చినచో తల్లిదండ్రులు రాక తప్పదు. పిల్లలకు ఉచితముగనో నామమాత్రపు రుసుముతోనో ప్రవేశమిచ్చుట వలన గేటు సొమ్ము తరిగినట్లు కనిపించినను, అది విత్తనపు గింజ వంటిది; తిన్నవానికి ఒక పూట, నాటినవానికి పది పంటలు.

ఐదవది టిక్కెట్టు కొనుటలోని సౌకర్యము. 2020 తరువాత గేటు వద్ద నగదు తీసికొనుట చాలచోట్ల మానివేసి, టిక్కెట్టు ముందుగా కొనవలెనని నియమించిరి. యువకులకు ఇది సుఖమే. జీవితమంతయు నాణెములు చేతపట్టుకొని గేటు దగ్గరకు పోయిన వృద్ధునకు మాత్రము ఇది ఒక అడ్డుగోడ. దుకాణములలో టిక్కెట్లు అమ్ముట కొంత ఉపశమనము. అట్టివాడు ఒక్కడు ఇంటనే నిలిచిపోయినచో అతనితో వచ్చు మనుమడును నిలిచిపోవునని నిర్వాహకులు మరువరాదు.

ఆరవది అసలైనది: ఆటయే చూడదగినదిగా ఉండుట. ఫుట్‌బాల్‌లో బంతిని వెనుకకు, ప్రక్కలకు అందించుకొనుచు కాలక్షేపము చేయుట ఎక్కువైనదని జనము విసుగుకొనగా, జిమ్ గావిన్ గారి అధ్యక్షతన ఒక సమితిని నియమించిరి. అది సూచించిన కొత్త నియమములను 2025 లీగులో పరీక్షించిరి. ముందు చెప్పిన 2 పాయింట్ల నియమము వానిలోనిదే. లీగును చిన్నచూపు చూచువారికి ఇది సమాధానము. కొత్తదనమునకు లీగు మైదానము చోటిచ్చినది.

చివరకు మా రేడియోను గూర్చి ఒక మాట. ఆటను ఇంటనే వినిపించినచో మైదానమునకు ఎవరు వత్తురను భయము పాతది. 1926 ఆగస్టు 29న కిల్కెన్నీ, గాల్వే జట్ల హర్లింగ్ ఆటను డబ్లిన్ రేడియో కేంద్రము క్రోక్ పార్క్ నుండి ప్రత్యక్షముగా ప్రసారము చేసెను. ఐరోపాలో మైదానపు ఆటను అట్లు వినిపించుట అదియే మొదలని చెప్పుదురు. వ్యాఖ్యాత పి. డి. మెహిగన్. 1947లో ఛాంపియన్‌షిప్ ఫుట్‌బాల్ అంత్యపోటీని, ఐర్లండు మహాక్షామమునకు నూరేండ్లు నిండిన సందర్భమున, సముద్రము దాటించి న్యూయార్కులోని పోలో గ్రౌండ్స్‌లో జరిపిరి. క్షామము వలన వలసపోయినవారి సంతతి ఆ నగరమున విస్తారముగా నుండెను. సుమారు 35 వేల మంది చూడగా కావన్ జట్టు కెర్రీని ఓడించెను. అట్లాంటిక్ సముద్రపు ఆవలి నుండి మిహాల్ ఓ హేర్ గారు చెప్పు వ్యాఖ్యానమును ఐర్లండులో ఇంటింట రేడియో చుట్టును చేరి వినిరి. ఆట ముగియకముందే అద్దెకు తీసికొన్న తంతి వ్యవధి ముగియవచ్చుచుండగా, ఇంకొక ఐదు నిమిషములు తెంపవద్దని ఆయన ప్రసారములోనే ప్రాధేయపడెను. తంతి తెగలేదు, ఆట చివరివరకు వినిపించెను.

ప్రసారము వలన మైదానములు ఖాళీ కాలేదు. రేడియో ప్రసారము మొదలైన 35 సంవత్సరముల తరువాతనే, 1961లో, ముందు చెప్పిన 90,556 మంది వచ్చిరి. రేడియో వినినవాడు చూడగోరెను. చూచినవాడు పిల్లవానిని కూడ తెచ్చెను. 1962 నుండి టెలివిజన్ వచ్చి ఆ లెక్కను కొంత మార్చినమాట నిజమే. వర్షము కురియు ఏప్రిల్ దినమున, తేలవలసినది తక్కువగా నున్న ఆటకు, వెచ్చని గది బలమైన ప్రత్యర్థి. కాని దానిని ఓడించు జట్టు ఒకటే: దగ్గరి ఊరు, నిండిన మైదానము, మనసు పెట్టి ఆడు ఆటగాండ్రు.

మాకు తోచిన న్యాయము ఇది. పై శ్రేణి అంత్యపోటీని జట్లు తేలిన తరువాత, ఇరువురికిని నడిమిదై, వచ్చు జనముతో మూడు వంతులైనను నిండు మైదానమున జరుపవలెను. నడిమి చోటు దొరకనప్పుడు సొంత ఊళ్లలో వంతు పాటింపవలెను. ఏ పరిస్థితిలో ఏ మైదానమో సంవత్సరారంభముననే ప్రకటింపవలెను. ప్రయాణము కట్టుకొనువానికి వారమైనను వ్యవధి ఉండవలెను. క్రింది శ్రేణుల చిన్న కౌంటీలకు క్రోక్ పార్క్ తలుపు తెరచియే ఉంచవలెను. అచట ఖాళీ కుర్చీలను లెక్కింపరాదు. గేటు సొమ్ము ఎంతయని ఒక ప్రక్క లెక్క వేయుచు, ఆ సాయంకాలము ఇంటికి పోవు పిల్లవాడు మరల వచ్చునా రాడా అని రెండవ ప్రక్క లెక్క వేయవలెను. జీతము లేని ఆటను నూట నలుబది ఏండ్లుగా నిలిపినది ఆ రెండవ లెక్కయే.